‘ఆందోళన చెందవద్దు’ అనే ముందు

రాత్రి పదకొండున్నర. మూడు రోజులుగా ఎడతెగని వాన. కంట్రోల్ రూంలో మీరు కాస్త నడుం వాల్చుదామనుకునేలోగా ఫోను మోగింది. ‘సార్, పెద్ద చెరువు కట్ట తెగిందంట కదా? అయిదు నిమిషాల్లో బులెటిన్ ఉంది, ఒక్క మాట చెప్పండి సార్’ అంటున్నాడు టీవీ విలేకరి. తెగిందో లేదో మీకు తెలియదు. ఇరిగేషన్ ఏఈ ఫోను కలవడం లేదు. కలెక్టరు గారు ముంపు గ్రామంలో పడవ మీద ఉన్నారు. ఇప్పుడు మీరేమంటారు? చాలామంది నోట అలవాటుగా వచ్చే జవాబు ఒకటుంది: ‘అలాంటిదేమీ లేదు, అంతా వదంతి, ప్రజలు ఆందోళన చెందవద్దు.’ కొందరు ‘నా దగ్గర సమాచారం లేదు’ అని పెట్టేస్తారు. ఇంకొందరు అసలు ఫోనే ఎత్తరు. మూడూ పొరపాట్లే. వాటిలో మొదటిది మరీ ప్రమాదం, ఎందుకంటే పైకి అది బాధ్యతగా మాట్లాడినట్టే ఉంటుంది.

మీరు జిల్లా పౌర సంబంధాల అధికారి కావచ్చు, ఆర్డీఓ కావచ్చు, తహసీల్దారో మున్సిపల్ కమిషనరో రసాయన కర్మాగారంలో భద్రతాధికారో కావచ్చు. హోదా ఏదైనా, విపత్తు వేళ మైకు మీ ముందుకొస్తే ఆ పూట ప్రజా సమాచార అధికారి మీరే. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ పనికి విడిగా ఒక స్థానం ఉంది. సంఘటనా స్థలంలో మొత్తం బాధ్యత మోసే కమాండరు పక్కన ముగ్గురిని కూర్చోబెట్టారు. ఒకరు సిబ్బంది భద్రత చూస్తారు, ఒకరు శాఖల మధ్య సమన్వయం చూస్తారు, మూడోవారు సమాచార, మీడియా అధికారి. అంటే జనానికి మాట చేరవేయడం సహాయక చర్యలన్నీ అయ్యాక చేసుకునే ప్రచారం కాదు, అదీ సహాయక చర్యే. కానీ మన మాక్ డ్రిల్స్ సాధారణంగా ఎలా సాగుతాయో గుర్తుచేసుకోండి. పడవలుంటాయి, తాళ్లుంటాయి, స్ట్రెచర్లుంటాయి, అంబులెన్సు చప్పుడుంటుంది. సగం సగం తెలిసిన సంగతితో విలేకరి ప్రశ్నకు ఎదురు నిలబడే సాధన మాత్రం ఎప్పుడో గానీ కనబడదు. ఈత రానివాణ్ణి ఎవరూ వరదలోకి దించరు. మాట సాధన లేని మనిషిని లక్షల మంది ముందుకు ఎలా పంపుతున్నాం?

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచింది ఒక్కటే. విపత్తులో జనానికి భయం వల్ల జరిగే నష్టం కంటే, తెలియకపోవడం వల్ల జరిగే నష్టం ఎక్కువ. కాబట్టి మీకు తెలిసింది వెంటనే చెప్పండి, తెలియనిది తెలియదని చెప్పండి, ఈలోగా ఏం చేయాలో చెప్పండి, మళ్లీ ఎప్పుడు మాట్లాడతారో చెప్పండి. వినడానికి ఇది చిన్న విషయం. చేయడానికి వచ్చేసరికి నోరు పెగలదు. ఎందుకంటే మన ఉద్యోగ జీవితం మనకు దీనికి సరిగ్గా వ్యతిరేకమైనదే నేర్పింది: పూర్తి నివేదిక వచ్చేదాకా ఆగు, పైవారి సంతకం అయ్యేదాకా మాట్లాడకు, మాట్లాడితే అంతా అదుపులో ఉందను. మామూలు రోజుల్లో ఈ జాగ్రత్త మంచిదే. నీళ్లు గుమ్మం దాకా వచ్చిన రాత్రి అది ప్రాణాంతకం.

‘నిజం చెబితే జనం బెంబేలెత్తి పరుగులు తీయరా?’ అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అమెరికాలో ఎన్రికో క్వారంటెల్లి అనే సామాజిక శాస్త్రవేత్త 1963లో విపత్తుల పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పినవారిలో ఒకరు. వరదలు, పేలుళ్లు, భూకంపాల్లో మనుషులు నిజంగా ఎలా ప్రవర్తిస్తారో దశాబ్దాల పాటు గమనించి ఆయన తేల్చింది మన ఊహకు విరుద్ధంగా ఉంటుంది. వెర్రి పరుగు చాలా అరుదు. మామూలుగా జరిగేది, చెప్పినా కదలకపోవడం. ఇది తెలుసుకోవడానికి అమెరికా దాకా వెళ్లనక్కర్లేదు. తుపాను డ్యూటీ చేసిన ఏ వీఆర్వోనైనా అడగండి. జనం పారిపోతుంటే ఆపడం ఆయన కష్టం కాదు. గొడ్లను వదిలి రామనే రైతునీ, ఇల్లు దోచుకుపోతారని గడప దిగని ముసలమ్మనీ కదిలించడమే ఆయన కష్టం. 1999లో ఒడిశాను ముంచిన పెనుతుపానులో పది వేల మంది దాకా పోయారు. 2013 అక్టోబరులో అదే తీరాన్ని ఫైలిన్ తాకినప్పుడు ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌లలో దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు. మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. పది లక్షల మందికి ‘పెద్ద తుపాను వస్తోంది, లేవండి’ అని చెబితే తొక్కిసలాట జరగలేదు. లేచి వెళ్లారు.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. ఇటలీలోని లాక్విలా పట్టణంలో 2009 ఆరంభంలో నెలల తరబడి భూమి చిన్నచిన్నగా కంపించింది. భూమి కదిలితే ఇల్లు వదిలి వీధి చౌకులో రాత్రి గడపడం అక్కడివారికి తాతలనాటి అలవాటు. మార్చి 31న నిపుణుల సంఘం అక్కడ సమావేశమైంది. ఆ సందర్భంగా పౌర రక్షణ శాఖ ఉప అధిపతి టీవీతో మాట్లాడుతూ, చిన్న ప్రకంపనల వల్ల లోపలి శక్తి విడుదలవుతోంది కనుక పరిస్థితి అనుకూలంగా ఉందన్న భావం కలిగించారు. ఏప్రిల్ 6 తెల్లవారుజామున మూడున్నరకు పెద్ద భూకంపం వచ్చింది. 309 మంది చనిపోయారు. ఆ రాత్రి ముందుగా ఓ కుదుపు వచ్చినా, ఫర్వాలేదన్న మాట నమ్మి ఇంట్లోనే ఉండిపోయామని కొన్ని కుటుంబాలు కోర్టులో చెప్పుకున్నాయి. ఆ ఉప అధిపతితో సహా ఏడుగురికి 2012లో శిక్ష పడింది. 2014లో అప్పీలు కోర్టు ఆరుగురు శాస్త్రవేత్తలను నిర్దోషులుగా వదిలేసింది. ఆ ఉప అధిపతికి శిక్ష తగ్గించింది గాని, దోషిగానే నిలిపింది. భూకంపాన్ని ముందే చెప్పలేకపోవడం నేరం కాదు, ఎవరూ చెప్పలేరు. చిక్కల్లా ఎక్కడ వచ్చింది? తనకు తెలియని భరోసా ఇవ్వడంలో వచ్చింది. ‘ఆందోళన చెందవద్దు’ అన్నది మనకు మర్యాద మాట. వినేవాడికి అది ఆదేశం: ఉన్నచోటే ఉండు. ఇలా తర్జుమా చేసుకొని చూస్తే ఆ మాట ఇకపై అంత తేలిగ్గా మీ నోట రాదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది, దాన్ని దాటవేయకూడదు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత నాలుగో రోజున, మళ్లీ సునామీ రావచ్చంటూ కేంద్ర హోం శాఖ హెచ్చరిక పంపింది. తమిళనాడు తీరంలో జనం, సహాయం చేయడానికి వచ్చినవారితో సహా, ఊళ్లకు ఊళ్లు వదిలి పరుగులు తీశారు. అదే రోజు కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రి అందులో పస లేదని కొట్టిపారేశారు. చూశారా, జనం హడలిపోయారు కదా అంటారా? వాళ్లు హడలింది హెచ్చరించినందుకు కాదు. నాలుగు రోజుల కిందట అయినవాళ్లను పోగొట్టుకున్న మనుషులు సముద్రానికి దూరంగా పరుగెత్తడం వెర్రి కాదు, వివేకం. తప్పు మరోచోట ఉంది. ఆ హెచ్చరికకు సరైన ఆధారం లేదు. ఎక్కడ, ఎప్పుడు, ఎంత దూరం వెళ్లాలన్న వివరం లేదు. ఒకే ప్రభుత్వంలో ఇద్దరు రెండు మాటలు మాట్లాడారు. ఆ తర్వాత 2007లో సముద్ర సమాచార సేవలు అందించే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. ఇప్పుడు సముద్రం గురించి ఎవరు మాట్లాడాలో సందేహం లేదు. ఆధారం, వివరం, ఒకే గొంతు. ఈ మూడూ ఉంటే ఎంత పెద్ద కబురైనా జనం మోయగలరు.

సరే, పని ఎలా చేయాలి? ఇవి వరుసగా చదివి వదిలేసే సూత్రాలు కావు. ఒక్కోదాన్నీ మీ మండలానికి, మీ పట్టణానికి అన్వయించి రాసుకోండి.

1. మొదటి అరగంటలో నాలుగు వాక్యాలు. మొదటి ఫోను వచ్చిన అరగంటలోగా మీ గొంతు జనానికి వినబడాలి. ఇంత తొందర ఎందుకు? ఆ అరగంట ఖాళీగా ఉండదు కాబట్టి. మీరు మాట్లాడకపోతే వాట్సాప్ గ్రూపు మాట్లాడుతుంది, పాత వీడియో కొత్త ఊరి పేరుతో తిరుగుతుంది. మొదట్లో వచ్చిన విలేకరికి జవాబు ఇలా ఉండవచ్చు: ‘కట్ట తెగిందని మాకూ ఇప్పుడే కబురొచ్చింది, నిజమో కాదో ఇంకా తేలలేదు. చూసి రావడానికి మనుషులను పంపాం. ఈలోగా కట్ట దిగువనున్న రెండు కాలనీలవాళ్లు పిల్లలనూ పెద్దవాళ్లనూ తీసుకొని హైస్కూలుకు గానీ దగ్గర్లోని మేడ మీదికి గానీ చేరండి. పన్నెండుంపావుకు మళ్లీ నేనే మాట్లాడతాను.’ ఇందులో అబద్ధం లేదు, ఆలస్యం లేదు. ‘తెలియదు’ అంటే పరువు పోతుందని కదా మీ భయం? ఒట్టి ‘తెలియదు’ నిజంగానే చులకన చేస్తుంది. ‘ఇంకా తేలలేదు, ఫలానా పని చేస్తున్నాం, ఫలానా సమయానికి చెబుతాం’ అన్నది నమ్మకం పెంచుతుంది. ఒక షరతు మాత్రం ఉంది. పన్నెండుంపావు అన్నారంటే పన్నెండుంపావుకు మాట్లాడాలి. కొత్త సంగతి ఏమీ లేకపోయినా ‘ఇంకా తేలలేదు, మా మనుషులు కట్ట మొదట్లోకి చేరారు’ అని చెప్పడానికైనా మాట్లాడాలి. ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. మహా ప్రమాదాన్ని చెప్పే పదో నంబరుకూ పైన ఉన్న పదకొండుకు అర్థం, తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధం తెగిపోయిందని. కబురు రాకపోవడాన్నే ఒక ప్రమాదంగా లెక్కగట్టారు ఆ సూచికలు రూపొందించినవారు.

2. ‘అప్రమత్తంగా ఉండాలి’ అని రాయకండి. ప్రెస్‌నోట్లలో ఏటా వచ్చే వాక్యం ఒకటి మీకు కంఠతా వచ్చి ఉంటుంది: ‘భారీ వర్షాల నేపథ్యంలో లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలని, అత్యవసరమైతే తప్ప బయటకు రావద్దని అధికారులు సూచించారు.’ దీన్ని చదివిన మనిషి ఏం చేస్తాడు? పేజీ తిప్పుతాడు. తన ఇల్లు లోతట్టు ప్రాంతంలో ఉందని ఏ ఇంటాయనా అనుకోడు. లోతట్టు ఎప్పుడూ పక్క వీధే. అప్రమత్తంగా ఉండటమంటే మంచం మీద మేలుకొని ఉండటమా, సామాను అటక మీద పెట్టడమా, పిల్లలను అమ్మమ్మగారి ఊరు పంపడమా? హెచ్చరికల మీద జీవితమంతా పనిచేసిన డెనిస్ మిలెటి వంటి పరిశోధకులు మంచి హెచ్చరికలో అయిదు ఉండాలని తేల్చారు: చెబుతున్నది ఎవరు, వచ్చే ముప్పు ఏమిటి, ఏ చోటుకు, ఎప్పటిలోగా, ఏం చేయాలి. ఆ కొలతతో పై వాక్యాన్ని తిరగరాస్తే ఇలా ఉంటుంది: ‘తహసీల్దారు కార్యాలయం నుంచి చెబుతున్నాం. ఈ రాత్రి చెరువు పొంగవచ్చు. కట్ట కింది మూడు వీధులవాళ్లు సాయంత్రం 6 గంటలలోగా హైస్కూలుకు వచ్చేయండి. మందులు, ఆధార్ కార్డు, పిల్లల బట్టలు తెచ్చుకోండి. పశువుల కట్లు విప్పి మెరక మీదికి తోలండి. రాత్రి భోజనం బడిలోనే ఉంది. నడవలేనివాళ్లు ఇంట్లో ఉంటే 1077కు ఫోను చేయండి, ట్రాక్టరు పంపుతాం. మీ వీధుల్లో పోలీసులు కాపలా ఉంటారు.’ పశువుల మాట, కాపలా మాట ఎందుకు చేర్చామో గమనించండి. జనాన్ని ఇంటికి కట్టిపడేసే ముళ్లు అవే. ఏ ముడి ఎవరిని ఆపుతోందో తెలుసుకోకుండా రాసిన హెచ్చరిక గాలికి పోతుంది. అయితే చేయలేని మాట రాయవద్దు. ట్రాక్టరు లేనప్పుడు ట్రాక్టరు పంపుతామన్నారంటే, వచ్చే తుపానుకు మీ మాట వినేవాడు ఉండడు.

ప్రమాదాన్ని బట్టి చేయవలసిన పని మారుతుందని కూడా మరిచిపోకండి. వరదకు మెరకెక్కమంటాం. విషవాయువు లీకైనప్పుడు గాలి ఎటు వీస్తోందో చెప్పకుండా ‘దూరంగా వెళ్లండి’ అంటే జనం ఆ గాలి వెంటే పరుగెత్తవచ్చు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్ఆర్ వెంకటాపురం మీదికి పక్కనున్న కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి కమ్ముకొచ్చి 12 మంది ప్రాణాలు తీసింది. కర్మాగారంలో సైరన్ మోగించే ఏర్పాట్లు ఉండి కూడా వాటిని వాడలేదన్నది ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి. నిద్రలో ఉన్న ఊరికి మొదటి వాక్యం సైరనే. అదే రోజు అర్ధరాత్రి మళ్లీ లీకవుతోందన్న మాట పాకి, జనం చీకట్లో రోడ్ల మీదికి వచ్చేశారు. పొద్దున మాట్లాడవలసిన సైరన్ మూగబోయాక, రాత్రి ఏ మాట వచ్చినా నమ్మడం వాళ్ల తప్పా?

3. అంకెను అనుభవంలోకి దించండి. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గర ఇదే లెక్క 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కుల్లో నడుస్తుంది. రెండు చోట్లా ‘రెండో ప్రమాద హెచ్చరిక’ అనే అంటాం. టీవీలో ఆ స్క్రోలింగ్ చూసిన లంక గ్రామపు మనిషికి అది ఏ ఊరి హెచ్చరికో ఎలా తెలుస్తుంది? ఊరి పేరు లేకుండా హెచ్చరిక నంబరు చెప్పవద్దు. చెప్పాక అది ఎంతో పోల్చి చూపండి. 2022 జులైలో భద్రాచలంలో నీటిమట్టం 71 అడుగులు దాటింది, 1986లో 75 దాటింది. ‘ఇప్పుడు 55 ఉంది, 2022లో మీ ఊళ్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గుర్తుంది కదా, దానికింకా 16 అడుగులు తక్కువ’ అంటే ఆ ఊరివాళ్లు తమ గోడ మీది మరక చూసుకొని తామే లెక్క వేసుకుంటారు. ఓడరేవు సూచికల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. మూడో నంబరు ప్రమాద హెచ్చరిక అన్నది ఓడలకు, పడవలకు చెప్పే భాష. ఊళ్లోవాళ్లకు దానితో పని లేదు. వాతావరణ శాఖ రంగుల్లో పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధం కమ్మని, ఎరుపు అంటే ఇక కదలమని. రంగు చెప్పి ఊరుకోకండి, ఆ రంగుకు మీ ఊళ్లో ఏ పని మొదలవుతుందో చెప్పండి.

4. చిత్తు ముందే రాయించి సంతకం చేయించండి. ‘ఇవన్నీ చెప్పే అధికారం నాకెక్కడిది, కలెక్టరు గారు ఒప్పుకోకుండా నోరు విప్పితే మెమో రాదా?’ అంటారు. ఈ అభ్యంతరాన్ని నేను చిన్నచూపు చూడను. కింది ఉద్యోగి నిజంగానే ఇబ్బందుల్లో పడతాడు. దీనికి మందు ధైర్యం కాదు, ముందు చూపు. రుతుపవనాలు రాకముందే, మేలోనే, అయిదారు ప్రమాదాలకు చిత్తు ప్రకటనలు రాసి, ఊరు, సమయం, ఆశ్రయం ఉన్న చోట ఖాళీలు వదిలి, పై అధికారి చేత చదివించి ఆమోదం రాయించుకోండి. ఫలానా సమయం దాకా ఆయన అందుబాటులోకి రాకపోతే ఎవరు విడుదల చేయవచ్చో అదే ఫైలులో రాయించండి. ఆ రాత్రి మీరు నింపేది ఖాళీలే. మరో చిత్తు కూడా తప్పక ఉండాలి, దాన్ని దాదాపు అందరూ మరిచిపోతారు: ‘ఇంతకుముందు చెప్పింది పొరపాటు’ అనే చిత్తు. 2018 జనవరి 13న అమెరికాలోని హవాయి దీవుల్లో, క్షిపణి వస్తోంది, వెంటనే దాక్కోండి అనే సందేశం ప్రజల ఫోన్లకు పొరపాటున వెళ్లిపోయింది. సిబ్బంది డ్రిల్ చేస్తుండగా జరిగిన తప్పు. అది తప్పని కొన్ని నిమిషాల్లోనే వాళ్లకు తెలిసింది. కానీ తప్పని చెప్పే సందేశం అదే ఫోన్లకు చేరడానికి 38 నిమిషాలు పట్టింది. రద్దు చేసే సందేశం ముందుగా సిద్ధం చేసుకోలేదు. గవర్నరుకు తన ట్విటర్ ఖాతాలోకి ఎలా వెళ్లాలో గుర్తు లేదని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు. మీ కార్యాలయం ఫేస్‌బుక్, ఎక్స్ ఖాతాల పాస్‌వర్డులు ఈ క్షణాన ఎవరి దగ్గర ఉన్నాయి? ఆ ఉద్యోగి సెలవులో ఉంటే రెండో మనిషి ఎవరు?

5. పుకారును ఖండించడం కాదు, దాని చోటు ఆక్రమించండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచిన తర్వాత, మళ్లీ గండి పడిందన్న మాట పుట్టి, బురద కడుక్కుంటున్న కుటుంబాలను మళ్లీ కంగారు పెట్టింది. అధికారులు కాదని చెప్పవలసి వచ్చింది. ఇలాంటప్పుడు ‘బుడమేరుకు మళ్లీ గండి అన్నది అబద్ధం’ అని మొదలుపెడితే, సగం విన్నవాడి చెవిలో మిగిలేది ‘మళ్లీ గండి’. నిజంతో మొదలుపెట్టండి: ‘పూడ్చిన మూడు చోట్లా కట్ట గట్టిగా ఉంది. ఇదిగో ఈ మధ్యాహ్నం 3 గంటలకు తీసిన వీడియో, కట్ట మీద నిలబడింది మా ఇంజినీరు.’ సమయం వేయండి, ముఖం చూపించండి. విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షను కింద భయం పుట్టించే తప్పుడు హెచ్చరిక వ్యాప్తి చేసినవారికి ఏడాది దాకా జైలు పడవచ్చు. కావాలని చేసేవాడికి ఆ సెక్షను అవసరమే. కానీ కంగారులో వీడియో పంపిన ఇల్లాలి మీద కేసు పెడతామని ప్రెస్‌మీట్లో గర్జిస్తే, రేపు నిజంగా కట్ట చెమ్మగిల్లడం చూసిన మనిషి కూడా మీకు ఫోను చేయడు. పుకారు మీకు శత్రువే గాని, కొన్నిసార్లు అదే మొదటి సమాచారం కూడా.

6. మృతుల సంఖ్య విషయంలో మాత్రం తొందర పడకండి. ఇంతసేపూ త్వరగా చెప్పమన్నవాణ్ణి ఇక్కడ ఆగమంటున్నానేమని తికమక పడవద్దు. ప్రాణం కాపాడే మాటకు వేగం కావాలి. పోయిన ప్రాణం లెక్కకు నిర్ధారణ కావాలి. ‘ఇప్పటిదాకా ఆసుపత్రి ధ్రువీకరించిన మరణాలు ఇన్ని, ఇది మారవచ్చు’ అనే రూపం తప్ప వేరే రూపం వాడకండి. పేరు ఇంటివాళ్లకు చేరకముందు టీవీకి చేరకూడదు.

7. ఫోన్లు పోకముందే చివరి మాట చెప్పండి. ఇప్పుడు ‘సచేత్’ వ్యవస్థ ద్వారా ఒక ప్రాంతంలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి హెచ్చరిక పంపగలుగుతున్నాం. గొప్ప సౌకర్యమే. కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి. అలాంటి వేళకు కావలసినదంతా ముందు రోజే చెప్పి ఉండాలి: ఫోన్లు పనిచేయకపోతే రేడియోలో ఏ సమయానికి వినాలి, ఆటో మైకు ఏ వీధికి ఎప్పుడు వస్తుంది, దండోరా ఎవరు వేస్తారు. తుపాను కన్ను మీ ఊరి మీదుగా పోతే గాలి హఠాత్తుగా ఆగిపోతుంది. అయిపోయిందనుకొని జనం బయటికొస్తారు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా మళ్లీ మొదలవుతుంది. ఆ సమయంలో చెబుదామంటే మీకు ఫోనుండదు. అందుకే ‘గాలి ఆగినా బయటికి రావద్దు’ అన్న ఆ ఒక్క మాట ముందు రోజు నాలుగుసార్లు చెప్పండి. చెప్పేటప్పుడు మన్యంలో కువి, సవర, కోయ మాట్లాడేవారినీ, కర్మాగారాల్లో పనిచేసే ఒడియా, హిందీ కూలీలనూ లెక్కలోకి తీసుకోండి. వాళ్లలోనే ఒకరి చేత ఆ నాలుగు వాక్యాలూ రికార్డు చేయించి పెట్టుకుంటే ఆ రాత్రి దుబాసీ కోసం వెతుక్కునే పని ఉండదు.

ఇక చివరి అభ్యంతరం, అన్నిటికంటే బలమైనది. ‘ఇంత హడావిడి చేసి ఊరు ఖాళీ చేయించాక తుపాను దారి మళ్లితే? నాన్నా పులి కథ అయిపోదా? ఇంకోసారి పిలిస్తే ఎవరొస్తారు?’ ఆ కథను ఒక్కసారి సరిగ్గా చూడండి. పిల్లవాడు పులి లేదని తెలిసీ అరిచాడు. ఊరు నమ్మకం కోల్పోయింది అతని పొరపాటు అంచనా వల్ల కాదు, అబద్ధం వల్ల. మీ అంచనా తప్పవచ్చు, దాన్ని ఎవరూ తప్పించలేరు. తుపాను మళ్లిన మర్నాడు మీరేం చేస్తారన్నదే వచ్చే తుపానుకు మీ పలుకుబడిని నిర్ణయిస్తుంది. చాలామంది ఆ మర్నాడు మాయమవుతారు. అదే తప్పు. ఆశ్రయం నుంచి ఇంటికి వెళ్తున్నవాళ్ల దగ్గరికి వెళ్లి ‘నిన్న సాయంత్రానికి అది మన వైపే వస్తోంది, రాత్రి రెండింటికి ఉత్తరానికి మళ్లింది. మీరు ఒక రాత్రి నిద్ర, ఒక రోజు కూలి పోగొట్టుకున్నారు, అది మాకు తెలుసు. వచ్చినందుకు దండం’ అని చెప్పండి. కూలి పోయిందన్న మాట తప్పకుండా అనండి. రోజుకూలీకి ఒక రోజు విలువ మనకు తెలుసని అతనికి తెలియాలి. ఇలా చెప్పినవాడు మళ్లీ పిలిస్తే జనం గొణుక్కుంటారేమో గాని, వస్తారు.

ఇదంతా పుట్టుకతో వచ్చే నేర్పు కాదు. మాటకారితనం లేనివాళ్లూ, మైకు చూస్తే చేతులు చెమర్చేవాళ్లూ ఈ పనిలో బాగా రాణించగలరు, ఎందుకంటే ఇందులో వాక్చాతుర్యం కంటే క్రమం ముఖ్యం. శిక్షణ కోసం హైదరాబాద్‌లోని మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థ ఉంది, గన్నవరం దగ్గర కొండపావులూరులో జాతీయ విపత్తు నిర్వహణ శిక్షణ సంస్థ దక్షిణ ప్రాంగణం ఉంది. అవకాశం వస్తే వదులుకోవద్దు. రాలేదని కూర్చోనూ వద్దు. మీ కార్యాలయంలోనే, ఇద్దరు సహోద్యోగులతో ఈ సాధన మొదలుపెట్టవచ్చు. వచ్చే మాక్ డ్రిల్‌కు మరో ఇద్దరిని చేర్చమని అడగండి: ఒకరు తప్పుడు వీడియో వదలాలి, ఒకరు విలేకరిగా మీ వెంట పడాలి. పడవ ఎంతసేపటికి వచ్చిందో రాసుకునే పుస్తకంలోనే మొదటి ప్రకటన ఎంతసేపటికి వచ్చిందో కూడా రాయించండి.

మొదటి సాధనకు ఈ వారమే ఒక గంట తీసుకోండి. ఇద్దరు సహోద్యోగులను విలేకరులుగా ఎదురుగా కూర్చోబెట్టండి. ఫోనులో రికార్డింగ్ పెట్టండి. ‘పెద్ద చెరువు కట్ట తెగిందంట కదా సార్’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టమనండి. మీ నాలుగు వాక్యాలు చెప్పండి. అయిదో నిమిషంలో మూడో మనిషి వచ్చి మీ చేతిలో ఒక చీటీ పెట్టాలి. అందులో ఇలా రాసి ఉండాలి: ‘కట్ట తెగలేదు. తూము పక్కన నీరు ఊరుతోంది. తెల్లవారేదాకా ఏమీ చెప్పలేం.’ హైస్కూలుకు వెళ్లమని మీరు చెప్పిన రెండు కాలనీలవాళ్లు అప్పటికే వానలో తడుస్తూ సగం దారిలో ఉన్నారు. వాళ్లకు ఇప్పుడేం చెబుతారు? చెప్పి, రికార్డింగ్ మళ్లీ పెట్టి వినండి. మీ మాటల్లో ‘ఆందోళన చెందవద్దు’ ఎన్నిసార్లు వచ్చిందో కాగితం మీద గీతలు పెట్టి లెక్కించండి.